కవర్లతో నాటిన మొక్కలు

ఆదివారం, రాత్రి.

మొక్కలకు నీళ్లు పోయడానికి రమ్మని మా వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ బొటనవేలి బొమ్మ పెట్టారు. ఒక్కరూ రాలేదు. చర్చి అయ్యాక నేనే రెండు క్యాన్లు ఆటోలో వేసుకుని కురబలకోట గుట్ట దగ్గరికి వెళ్లాను.

పోయిన వారం మేమంతా నాటిన వేపమొక్కలు వాడిపోయాయి. ఒకదాన్ని తవ్వి చూస్తే వేళ్లకు నర్సరీ నల్ల కవర్ అలాగే ఉంది. ప్లాస్టిక్ వద్దని బ్యానర్ పట్టుకున్నవాళ్లు, ఫోటోల తొందరలో కవర్ చింపడమే మరిచారు! తిట్టుకుంటూ ఒక్కో మొక్కా తీసి, కవర్ చింపి, మళ్లీ నాటాను.

గొర్రెలు తోలుకొస్తున్న రెడ్డెప్ప ఆగాడు.

"ఏమ్మా, ఒక్కరే ఉండారే? ఆపొద్దు వచ్చినోళ్లంతా యాడికి పోయినారు?"

"వాళ్లకు పనులుండాయంటప్పా."

 అతను ముళ్లకంప కొట్టుకొచ్చి, తన గొర్రెలే తినకుండా మొక్కల చుట్టూ వేసి పోయాడు.

చివర్లో మిగిలింది పోయిన వారం నేను నాటిన మొక్క. దాన్ని తవ్వక్కర్లేదనుకున్నాను. ఎందుకో తవ్వాను. దానికీ కవర్ ఉంది.

మా ఆయన బతికుంటే దీనికి వారం రోజులు నన్ను ఏడిపించేవారు. ఇంటికొచ్చి గ్రూపులో "మొక్కలన్నీ బాగున్నాయి" అని మాత్రం పెట్టాను.

అందరూ మళ్లీ బొటనవేలి బొమ్మ పెట్టారు.