పోయినావిడ ఇష్టం

జూన్ 3
పెళ్లయి మూడు వారాలు. ఇవాళ డైనింగ్ టేబుల్‌ని కిటికీ కిందికి జరిపాను. వెలుతురు నేరుగా ప్లేట్ల మీద పడింది. ఎంత ముచ్చటేసిందో! బజారుకెళ్లి వచ్చేసరికి అది మళ్లీ గోడకి ఆనుకుని ఉంది. పోయిన కోడలు అక్కడే పెట్టుకుందనీ, ఆ పిచ్చితల్లి ఇష్టాన్ని కదపొద్దనీ అత్తగారు అన్నారు. నేను రెండో భార్యని. కూరల సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లాను.

జూన్ 9
కర్టెన్లు కూడా ఆవిడవేనట.

జూన్ 17, సాయంత్రం
ఆయనతో చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, అమ్మతో లేనిపోని గొడవెందుకు, అదే అలవాటైపోతుందిలే అన్నారు.

ఈయనకేం తెలుసు! అన్నయ్య ఇంట్లో ఏళ్ల తరబడి హాల్లో పడుకున్నాను. అందరూ టీవీ చూడడం అయ్యాకే పరుపు పరుచుకునేదాన్ని. పాలవాడు బెల్ కొట్టకముందే చుట్టేసేదాన్ని. ఈ వయసులో ఈ సంబంధానికి ఒప్పుకున్నది మొగుడి కోసం కాదు, ఇంటి కోసం. నాదైన ఒక్క గోడ. నేను ఎంచుకున్న రంగు. పైకి అంటే నవ్విపోతారు.

నాకు అసూయంటూ ఉంటే ఆ చనిపోయిన మనిషి మీదే. గ్లాసుల స్టాండ్ దగ్గర్నుంచి చెప్పుల అర దాకా అంతా ఆవిడే.

జూలై 2, మధ్యాహ్నం
పాపకి జ్వరం. ఆవిడ కూతురు. ముక్తసరిగా తప్ప నాతో మాట్లాడదు. తడిగుడ్డ వేస్తుంటే ఉన్నట్టుండి చెప్పింది. వాళ్లమ్మ కూడా టేబుల్‌ని కిటికీ కిందికే జరిపేదట. నానమ్మ వెనక్కి పెట్టించేదట. కర్టెన్లు నానమ్మ కొన్నవే. ఆ రంగంటేనే వాళ్లమ్మకి పడేది కాదట.

ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్నది ఎవరిని చూసి? ఆవిడా ఇక్కడ అద్దెకున్నట్టే ఉండి పోయింది.

జూలై 3
అత్తగారిని అడిగేశాను. బుకాయిస్తారనుకున్నాను. లేదు. దుప్పటి మడతపెడుతూనే చెప్పారు. వాళ్ల అత్తగారు పోయేదాకా ఈ వంటింట్లో గరిటె కూడా తన ఇష్టప్రకారం తగిలించలేదట. ఆ తర్వాతే ఇది తన ఇల్లయిందట. ఇప్పుడు నీ చేతిలో పెట్టేసి నేనెక్కడ కూర్చోవాలమ్మా అన్నారు. మరి పోయిన కోడలి పేరెందుకు వాడారంటే, ముసలిదాని మాట ఎవరు వింటారు, పోయినదాని మాటంటే ఎవరూ నోరెత్తరు అన్నారు.

ఒళ్లు మండిపోయింది. అయినా దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

ఆగస్టు 20
అత్తగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఇక మంచం దిగడం కష్టమేనన్నాడు డాక్టర్. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఇక ఇల్లంతా నువ్వే చూసుకోవాలి అన్నారు. ఏడవాల్సిన చోట నాకు పెయింట్ రంగులు గుర్తొచ్చాయి. ఛీ, ఏం మనిషిని.

సెప్టెంబర్ 8
హాలు గోడలు పూర్తయ్యాయి. లేత ఆకుపచ్చ. కుర్చీ వేసుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 15
పాప తను వేసిన బొమ్మలు తెచ్చి కొత్త గోడకి టేపుతో అంటించింది. స్కూల్ నుంచి వచ్చేలోగా పీకేశాను. ఎందుకు తీశారని అడిగింది. మీ అమ్మకి గోడల మీద ఇలాంటివి నచ్చేవి కావు అన్నాను.

పిల్ల బొమ్మలన్నీ ఏరుకుని నానమ్మ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.