ఖాళీ ట్రామ్

1971 మార్చి 2

రదొవాన్‌ని ఇవాళ స్టూడియోలోంచి తీసేశారు. మూడేళ్ల కిందట ప్రభుత్వాన్ని తప్పుపట్టిన ఒక విజ్ఞప్తి మీద పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోనన్నాడట. మేమిద్దరం కలిసి చేస్తున్న ఆరో సినిమా ఇది. అతను డైరెక్టరు, నాది కెమెరా. నా మూడు అవార్డులూ అతని సినిమాలకు వచ్చినవే. ఇంక చివరి సీన్లే మిగిలాయి.

సాయంత్రం

స్టూడియో పెద్ద షీమెక్ పిలిపించాడు. మిగతాది నన్నే తీయమన్నాడు. డైరెక్టరుగా నా పేరే పడుతుందట. ఒక్కరోజు గడువు అడిగాను.

మార్చి 3

ఒప్పుకున్నాను.

మార్చి 7

నాలుగు రోజులు నాన్చి ఇవాళ రదొవాన్ ఇంటికి వెళ్లాను. వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు. నేను ఒప్పుకున్న సంగతి అప్పటికే అతనికి తెలుసు. కోప్పడితే బాగుండేది. నా చేతికీ ఒక కత్తి ఇచ్చాడు. బుట్ట ఖాళీ అయ్యేదాకా ఇద్దరం చెక్కు తీశాం. వచ్చేస్తుంటే గుమ్మంలో అన్నాడు.

"తియ్యరా విలేమ్. నువ్వు కాకపోతే ఇంకెవడో తీస్తాడు. ముగింపు మాత్రం ముట్టుకోకు."

ముట్టుకోనన్నాను.

ఏప్రిల్ 19, ఒస్త్రవా గనుల ఊళ్లో

రదొవాన్ రాసిన ముగింపు ఇది: గనిలో భర్త పోయిన ట్రామ్ డ్రైవరు మళ్లీ పనిలో చేరుతుంది. చివరి స్టాపుకి వచ్చేసరికి ట్రామ్ ఖాళీ. సీట్లు తుడిచి దిగిపోతుంది. అంతే.

షీమెక్‌కి అది నచ్చలేదు. స్టాపులో జనం పూలతో ఎదురుచూడాలన్నాడు. లేకపోతే సినిమా విడుదల కాకుండా పెట్టెలోనే ఉంటుందన్నాడు. యాభైమందిని తనే బస్సులో తెచ్చాడు. హీరోయిన్ బ్లజెనా నన్ను పక్కకు పిలిచి, ఏది చేయమంటావని మెల్లగా అడిగింది. పూలే అన్నాను. నా మొహం ఒకసారి చూసి వెళ్లిపోయింది.

మొదటి టేక్‌కే ఓకే అయింది. ఇంత అందమైన షాట్ నేనెప్పుడూ తీయలేదు. ఆ సంగతి కెమెరా వెనక ఉండగానే తెలిసిపోయింది.

1972 జూలై 22

ఉత్తమ దర్శకుడి అవార్డు నాకు వచ్చింది. గాజు బహుమతి, చాలా బరువు.

జూలై 24

మా ఆవిడ హెద్వికా దాన్ని అలమరలో పిండి డబ్బాల వెనక్కి నెట్టేసింది. దుమ్ము పడుతోందట.

సెప్టెంబరు 10

వంతెన దగ్గర రదొవాన్ కనిపించాడు. ఇప్పుడు దుకాణాల అద్దాలు తుడుస్తున్నాడు. నేనే పలకరించాను. టికెట్టు కొని సినిమా రెండుసార్లు చూశాడట.

"పూల మీద వెలుతురు బాగా పెట్టావురా," అన్నాడు.

వెటకారమేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు. తరవాత బకెట్టు ఎత్తుకుని ఎదురు దుకాణానికి వెళ్లాడు. నేను ట్రామ్ ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను.

సెప్టెంబరు 11

షీమెక్ కొత్త స్క్రిప్టు ఇచ్చాడు. ఇక డైరెక్షన్ చేయనని, కెమెరా పని ఉంటే చెప్పమని తిరిగిచ్చేశాను. అవార్డు వచ్చినవాడు వెనక్కి వెళ్లడం కుదరదన్నాడు. వెళ్తానన్నాను. అలా అయితే పెద్ద సినిమాలు మరచిపొమ్మన్నాడు.

1973 జనవరి 15

వెన్న ఫ్యాక్టరీ మీద పది నిమిషాల చిత్రం. కెమెరా నాది. పేర్లు వేయరట.