ఈక ఎరకు పడిన పండుగప్ప

నాన్నా,

నువ్వు పోయినప్పటి నుంచి నేను వంశధార ఒడ్డుకు పోయేది ఏడవడానికేనని అమ్మ అనుకుంటోంది. నిన్న నేను వెళ్ళింది, నీలాగే కూలి తీసుకుని, విశాఖపట్నం నుంచి సరదాకు వచ్చిన ఓ ఇంజినీరుగారి చేత చేపలు పట్టించడానికి.

"చేప పడుతుందని మాటివ్వను. మోకాలిలోతు నీళ్ళలో మాట్లాడకుండా నిలబడాలి," అని ఆయనకు ముందే చెప్పాను. ఏటిలోకి సముద్రపు పోటు తిరిగాక, నువ్వు నేర్పినట్టే పుంజు మెడ ఈకలతో నేను కట్టిన ఎరను విసరమన్నాను. పండుగప్ప పడింది! గేలం ఆయనదే, ఎర మాత్రం నాది.

నా వాటాగా ఆయనిచ్చిన సగం చేప ఇంటికి తెచ్చాను.

"వచ్చిన టీచరుద్యోగం ఒగ్గేసి దొరలెంట తిరుగుతావేటే?" అంది అమ్మ.

"నాన్న తిరిగితే ఊరంతా గొప్పగా సెప్పుకున్నావు కదే!"

అమ్మ తిడుతూనే పులుసు పెట్టింది.

ఆ ఉద్యోగంలో చేరను. వచ్చే ఆదివారం మరో ఇద్దరిని ఏటికి తీసుకెళుతున్నాను.