బస్సు దిగిపోయిన శారద

మంగళవారం, రాత్రి

రెండు నెలలుగా ఈ కథతో జుట్టు పీక్కుంటున్నాను. మొగుడితో పోట్లాడి శారద సంచీ సర్దుకుంది, గుమ్మం దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. పంపిస్తే అబద్ధంలా ఉంది. ఆపితే ఇంకా అబద్ధంలా ఉంది.

పొద్దున అత్తయ్యగారి పక్కన కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తూ ఊరికే చెప్పాను.

"తర్వాత శారద ఏం చేసిందో తెలియట్లేదు అత్తయ్యా."

ఆవిడ తలెత్తలేదు. "బస్సెక్కింది. కాయలు ఎండబోసే కళ్ళంలోంచి అట్టాగే వెళ్ళింది కదా, చీరంతా మిరప ఘాటు. బస్సులో అందరికీ ఒకటే దగ్గులు. 'ఎవరమ్మా అది?' అని కండక్టరు అరిచాడు. సిగ్గేసి చిలకలూరిపేటలో దిగిపోయింది. తిరుగు బస్సులో ఇంటికొచ్చి అన్నం వండింది."

"నా శారద స్కూలు టీచరు కదా అత్తయ్యా, కళ్ళం ఎక్కడిది?"

"అయితే ఏం? కథే కదా" అని చాట దులిపి లోపలికెళ్ళిపోయారు.

సాయంత్రం కూర్చుంటే కథంతా ఒక్క ఊపులో వచ్చేసింది. శారద ఇప్పుడు టీచరు కాదు. సంతోషపడాలో భయపడాలో అర్థం కావట్లేదు. ఆవిడ అప్పటికప్పుడు కల్పించారా? లేక ఇన్నేళ్ళకి తన సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించిందా? రాయమని చెప్పారా, నాలోనే ఉంచుకోమనా? అడగడానికి నోరు రావట్లేదు. చించేయడానికి చెయ్యి రావట్లేదు.

ఇందాకే అవతలి గదిలోంచి మామయ్యగారు కేకేశారు. "ఏమ్మా, కథ అయిందా? పొద్దున్నే ఇవ్వు."

నా కథలు మొదట చదివేది ఆయనే. అదీ పైకి, అత్తయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని.