ఒక వంటింట్లో రెండు పొయ్యిలు

అమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు గట్టిగా మాట్లాడతావు, ఈడ పక్కనున్నోళ్లకంతా వినపడతాది. అందుకే ఈ జాబు రాస్తాండా. చదివినాక పొయ్యిలో పడెయ్.

ఈ పాత ఇంటి వంటిల్లు కొత్తగా కట్టిస్తాండారు. అదెంత ఇరుకో నువ్వు చూసిందే, ఒకరు వంగితే ఇంకొకరు దాటలేరు. అట్లాంటి దాంట్లో మా తోడికోడలు మధులత ఈ చివర ఒక పొయ్యి, ఆ చివర ఒక పొయ్యి పెట్టిద్దామంటాది. "ఇద్దరం ఒకేసారి వండుకోవచ్చు గదక్కా" అని నవ్వుతాది. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఒక పొయ్యి మీదనే వండుకున్నోళ్లం, ఇప్పుడు రెండెందుకు? ఇంట్లో రెండో పొయ్యి యెప్పుడు పెడతారో నాకు తెలీదా? వేరు పడేటప్పుడే. అత్తమ్మేమో "మీ ఇష్టం" అంటాది. ఆయమ్మ యెన్నడన్నా ఆ మాట అనిందా?

నేనేం తక్కువ తిన్లేదు. మేస్త్రీ తిమ్మయ్యను పక్కకు పిలిచి, కిటికీ, కొళాయి రెండూ నా పొయ్యి వైపే పెట్టమని చెప్పినా. ఆయప్ప తల గోక్కుని, "మధులతమ్మ గూడా పొద్దున ఇదే మాట చెప్పిందమ్మా, తన పక్కనే పెట్టమని. మరి నడుమ గోడ యెప్పుడు కట్టల్ల?" అన్నాడు.

గోడ మాట ఈ ఇంట్లో ఇంకా ఎవురూ ఎత్తలేదమ్మా.

నీ కూతురు