కూర్చుంటేనే కనబడే మాట

అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని బావ ఫోన్‌లో చెప్పాడు. నాకు మాత్రం కడుపుమంట తగ్గలేదు. అది మందులకి లొంగేది కాదని నీకూ తెలుసు. ఒక్క నీకే చెబుతున్నాను, చదివి చింపెయ్. పెద్దసారు మీద పగ తీర్చుకుంటున్నాను.

చేపతోలుతో కుర్చీ, గుడ్డుపెంకులతో అద్దం చట్రం, గోధుమగడ్డితో బల్ల చేసే గొప్ప డిజైనరని పత్రికలన్నీ ఆయన్ని నెత్తిన పెట్టుకుంటాయి కదా. ఆ గడ్డి ఎవరిది? ఆయన దగ్గర పనిచేసే రోజుల్లో, గాజు పిడులు వచ్చిన పెట్టెలో అడుగున పరిచిన గడ్డిని, అన్నం తింటూ తింటూ గోటితో చీల్చి చూసింది మా ఆయన. ఆ పరకని తడిపి, ఎముక పలకతో సాపు చేసి, చెక్క మీద అతికించి, ఇంటికి తెచ్చి నాకు చూపించాడు. రైల్లో పోతుంటే కోసిన పొలం మీద ఎండ పడిందట, పెద్దసారుకి అప్పుడు తట్టిందట! ఆ ముక్క అచ్చయిన పత్రికని మా ఆయన ఆసుపత్రి మంచం మీద చదివాడు. బోర్లా పెట్టి, నీళ్ళు తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు నాకింకా కళ్ళ ముందే ఉంది.

మా ఆయన పోయిన పదో రోజున పెద్దసారు పరామర్శకొచ్చాడు. కాఫీ తాగాడు. వెళ్తూ వెళ్తూ ఆ ఎముక పలక అడిగి పట్టుకుపోయాడు. ఇప్పుడది షోరూములో అద్దాల పెట్టెలో ఉంది, కింద ‘నా తొలి పనిముట్టు’ అని చీటీ. మా ఆయన పేరు ఒక్కసారి నలుగురిలో చెప్పండి సార్ అని అడిగాను. “పనివాళ్ళ పేర్లు చెబితే కొనేవాళ్ళు కంగారుపడతారమ్మా” అన్నాడు. ఆ రోజే అనుకున్నాను. అందుకే ఈ రెండేళ్ళూ మా ఆయన చోటులో కూర్చుని నోరు మూసుకుని పరకలు అతికించాను.

ఈ పనిలో రంగు లేదు, వార్నిషు లేదు. పరకని ఏ వాటంలో పెడితే ఆ మెరుపు. నిలబడి చూస్తే అంతా ఒకే బంగారం. కూర్చుని చూస్తే, వాటం మార్చి పెట్టినవి నల్లబడతాయి. ఈ కిటుకు మా ఆయనే చెప్పాడు. “చిట్టెలుకా, పరక చివర్లు పళ్ళతో కొరక్కు, ఇలా చూడు” అంటూ నన్ను నేల మీద కూర్చోబెట్టి మరీ చూపించాడు. పెద్దసారు మాత్రం తను చేయించిన ఏ వస్తువు ముందూ ఎప్పుడూ కూర్చోడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల పక్కకి వాల్చి, నిలబడి “ఊఁ” అంటాడు, అంతే.

కొత్త బీరువా తలుపుల మీద ‘దొంగ’ అని రాశాను. నిన్న దాని ముందు నిలబడి నాలుగుసార్లు “ఊఁ” అన్నాడు. వచ్చే గురువారం షోరూములో అందరి ముందూ పెడతారు. ఉద్యోగం పోతే పోనీ.

నీ చెల్లెలు

*

ఒసేయ్ మొండిఘటమా,

చింపలేదు, బియ్యం డబ్బాలో దాచాను. వాడు అంత గడ్డి తిన్నాడని నాకు మాత్రం మండటం లేదా? కానీ నీ గతేమిటే? వాడు నవ్వేసి, “పిచ్చిది, మొగుడు పోయి మతి చెడింది” అంటే జనం నిన్ను నమ్ముతారా, వాణ్ణా? మా మరిది ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన చేతిపని మీద ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఇంకా టైముంది, పీకెయ్. తరవాత నా దగ్గరికొచ్చి నాలుగు రోజులుండు.

అక్క

*

అక్కా,

పీకలేదు. జరిగింది విను.

బీరువా చేయించుకున్నది జడ్జిగా రిటైరైన పెద్దావిడ. ఆవిడ చక్రాల కుర్చీలో వస్తుందని నాకు తెలియదు. జనమంతా నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆవిడ తలుపుల వైపు చూసి, “ఏమండీ, దీని మీద దొంగ అని ఎందుకు రాశారు?” అంది.

పెద్దసారు నవ్వాడు. “వెలుతురు అలా పడుతోందమ్మా.”

“వెలుతురుకి అక్షరాలు రావు. ఇలా కూర్చుని చూడండి.”

కూర్చున్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నా కడుపులో ఎంత చల్లగా ఉందో ఏం చెప్పను! ఆవిడ అంతటితో ఆగలేదు. “పోనీ, ఇది మీ అలవాటే అనుకుంటాను. తొమ్మిదేళ్ళ కిందట మీ దగ్గర మొట్టమొదటి గడ్డిబల్ల కొన్నాను. ఈ కుర్చీలో పడ్డాక గానీ కనబడలేదు, దాని మీద చిట్టెలుక అనుంది. ఎవరండీ ఆ చిట్టెలుక?”

పెద్దసారు తడుముకోకుండా “మా ఆవిడ ముద్దుపేరు” అనేశాడు.

పక్కనే ఉన్న వాళ్ళావిడ అదిరిపడింది. “నాదా? ముప్ఫై ఏళ్ళలో ‘ఏమేవ్’ తప్ప ఇంకో పిలుపు పిలిచారా మీరు?”

జనం గొల్లుమన్నారు. నేను ముందుకొచ్చి, “చిట్టెలుక నేనేనమ్మా” అన్నాను. గాజు పిడుల పెట్టె నుంచి పరామర్శ కాఫీ దాకా అంతా చెప్పాను. “అక్షరాలు ఎలా పెట్టారో మీరు చెప్పండి” అని ఆవిడ పెద్దసారునే అడిగింది. ఆయన వేలితో తలుపు మీద రుద్ది చూశాడు. నేను నేల మీద కూర్చుని ఒక్క పరకని తిప్పి చూపించాను. తరవాత అద్దాల పెట్టె తెరిచి మా పలక తీసుకున్నాను. ఎవరూ ఆపలేదు.

మర్నాడు జడ్జమ్మ నన్ను ఇంటికి పిలిచింది. బీరువా వెనక రేకు బిగించి, దాని మీద మా ఆయన పేరు చెక్కిస్తేనే తీసుకుంటానని పెద్దసారుతో చెప్పిందట, ఆయన ఒప్పుకున్నాడట. “ఆ మాట ఉన్నా ఫరవాలేదమ్మా, జీవితమంతా దొంగల్ని చూసినదాన్నే” అని నవ్వింది. ఆ బల్ల ముందు నేల మీద కూర్చున్నాను. నాలుగు అక్షరాలు, ఆయన చేతిరాతే. ‘లు’కి కొమ్ము ఎప్పటిలాగే కాస్త పొడుగ్గా ఉంది. అక్కడే ఏడ్చాను. ఎవరికీ కనబడని చోటు దొరికితే ఆయన నన్ను రాసుకున్నాడు. నాకూ అదే చోటు దొరికింది, నేను వాణ్ణి రాశాను.

నిన్న షోరూముకి తిరిగి వెళ్ళి ఆ మాట పీకేశాను. నువ్వు చెప్పావని కాదు, వాడి మీద జాలితో అసలే కాదు. మా ఆయన గడ్డిలో వాడికి చోటివ్వడం ఇష్టం లేక. అక్కడ ఆయన్ని రాశాను. ఏ పేరుతోనో నువ్వొచ్చి కూర్చుని చూడు.

పీకిన పరకలు ఈ కవరులో ఉన్నాయి. పొయ్యిలో వెయ్యి.

నీ
చిట్టెలుక