కండువా కింద చెయ్యి

హైదరాబాద్,
బుధవారం.

అన్నయ్యకి నమస్కారాలు.

నేను నాన్నని నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నానని అమ్మతో అన్నావట. ఆ మాట నాతోనే అని ఉంటే బాగుండేది. ఫోన్ ఎత్తవు, మెసేజీ చూడవు, అందుకే ఈ కాగితం. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలు కులాసాయేనా? రెడ్డిగూడెం తోటల మామిడికాయ మన షెడ్డుకి వస్తోందా?

నేను బాగానే ఉన్నాను. పగలు ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెబుతున్నాను, సాయంత్రం రిహార్సల్. కర్రీ పాయింట్ కూరలన్నీ ఒకే రుచి, వదినని కాస్త మాగాయ పంపమను. వీధి చివర బండివాడు ఏ కాయనైనా నూజివీడు రసమే అంటాడు. కాదని పక్కవాళ్ళకి చెప్పబోయి, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఊరుకుంటాను.

మాది రికార్డింగ్ డాన్స్ కాదన్నయ్యా. పాటలతో నడిచే హాస్య నాటకం, మ్యూజికల్ కామెడీ అంటారు. అందులో నాది మామిడి షావుకారు వేషం. మన షెడ్డులో నాన్న చేసినట్టే, ధర పక్కవాళ్ళకి తెలియకుండా కండువా కింద ఇద్దరు షావుకార్లు వేళ్ళు నొక్కుతూ బేరమాడతారు, పైకి మాత్రం ఒకరి పిల్లల క్షేమం ఒకరు పాటలో అడుగుతారు. కింద బేరం ముదిరేకొద్దీ పైన మర్యాదలు ముదురుతాయి. జనం పడీ పడీ నవ్వుతారు. ఆ దగ్గు, "మరి మేమెలా బతకాలండీ" అనే ఆ సాగదీత నాన్నవే. నీకెవరో పంపిన వీడియోలో అంతవరకే ఉంది.

విజయవాడ ఆసుపత్రిలో నాన్నకి మాట పడిపోయాక, నువ్వు మందులకి వెళ్ళిన మధ్యాహ్నం, దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కారు. ముందు అర్థం కాలేదు. చిన్నప్పుడు షెడ్డులో ఆటగా నేర్పిన లెక్కే, ధర చెబుతున్నారు. నేను తగ్గించి నొక్కాను. తల అడ్డంగా ఊపారు. కొంచెం పెంచాను. ఊహూఁ. చివరికి నేనే, "మరి మేమెలా బతకాలండీ" అన్నాను. పెదవి ఒక పక్కే కదిలింది. నవ్వారన్నయ్యా. నువ్వొచ్చేసరికి నిద్రపోయారు, మళ్ళీ లేవలేదు. ఆ నవ్వు నీకు దక్కలేదని బాధపడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. అది తప్పే.

నాటకం చివర్లో అవతలి షావుకారు బేరం మధ్యలో చెయ్యి తీసుకుని వెళ్ళిపోతాడు. నేను చూడనట్టు కండువా కింద వేళ్ళు కదుపుతూనే ఉంటాను. మొదట జనం ఇంకా నవ్వుతారు. తర్వాత ఒక్కొక్కరే మానేస్తారు. అంతా నిశ్శబ్దమయ్యాక ఎవరైనా నా వేలు నొక్కుతారేమోనని ప్రతిసారీ కాసేపు ఆగుతాను. ఎవరూ నొక్కరు.

నేను వేషంలో వేసుకునే నాన్న కండువా తిరిగి పంపి, ఆ పాట మానేస్తేనే సంవత్సరీకానికి గడప తొక్కమన్నావట. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. వదినని అడిగానని చెప్పు. నాన్న ఫోటో దగ్గర నా తరఫున ఓ చిన్న రసం పండు పెట్టు. పెద్దవాడివి, కోపంలోనైనా నన్ను దీవించు.

కండువా పంపను. పాట మానను. సంవత్సరీకం రోజు పొద్దుటి బస్సుకి వస్తాను.

నీ చెల్లెలు
సుధ